లినక్సులో సొంత ప్యాకేజీ రిపాజిటరీ: పెట్టుకోవడం, సర్దుకోవడం, అప్పగించడం

"అన్నా, లినక్సు వేసుకున్నాను గానీ తెలుగు టైపు చెయ్యడం రావట్లేదు" అని ఒకరు, "అక్షరాలు గళ్లుగళ్లుగా కనబడుతున్నాయి" అని ఇంకొకరు. మహబూలా లాంటి చోట ఒకే బిల్డింగులో పదిమంది తెలుగువాళ్ళుంటే, వాళ్ళలో ఒక్కరికి కంప్యూటర్లు తెలిస్తే, ఈ ప్రశ్నలు తప్పవు. 2025 అక్టోబరు 14తో మైక్రోసాఫ్టు విండోస్ 10కి మామూలు మద్దతు ఆపేసింది. విండోస్ 11కి సరిపోని పాత ల్యాప్‌టాపులు ఫ్లాట్లలో చాలానే ఉన్నాయి. వాటిని పారేసే బదులు లినక్సు వేసుకుంటే ఇంకొన్నేళ్ళు హాయిగా పనిచేస్తాయి.

ఒక యంత్రమైతే చేత్తో సర్దిపెట్టొచ్చు. ఎనిమిది యంత్రాలకు అదే పని ఎనిమిదిసార్లు చెయ్యడం, ఆరునెలలకోసారి మళ్ళీ చెయ్యడం కష్టం. దీనికి లినక్సులోనే ఉన్న ఉపాయం సొంత రిపాజిటరీ. ఈ వ్యాసంలో డెబియన్, ఉబుంటు కుటుంబాన్ని ఉదాహరణగా తీసుకుని దాన్ని ఎలా పెట్టుకోవాలో, ఎలా సర్దుకోవాలో చూద్దాం. ఒక్కమాట ముందే చెప్పాలి. రిపాజిటరీ పెట్టడం ఒక సాయంత్రం పని. దాన్ని నమ్మకంగా నడపడం, మనం లేనప్పుడు కూడా నడిచేలా చూడటం అసలు పని. ఆదేశాల పూర్తి వివరాలు ఆయా పనిముట్ల మాన్యువల్ పేజీల్లో ఉంటాయి కనుక ఇక్కడ పద్ధతి మీదే దృష్టి పెడుతున్నాను.

1. రిపాజిటరీ అంటే ఏమిటి?

ప్యాకేజీ అంటే ఒక సాఫ్టువేరు ఫైళ్ళన్నీ, దాని పేరు, వెర్షను, దానికి ఇంకేమేం కావాలో రాసిన చీటీ కలిపి కట్టిన మూట. డెబియన్లో దాన్ని డెబ్ ఫైలు అంటారు. ఇలాంటి మూటలు పెట్టుకునే గిడ్డంగి, ఆ గిడ్డంగి జాబితా కలిపి రిపాజిటరీ. డెబియన్ ప్రాజెక్టును ఇయాన్ మర్డాక్ 1993 ఆగస్టులో మొదలుపెట్టారు. 1999లో వచ్చిన డెబియన్ 2.1తో ఆప్ట్ అనే పనిముట్టు అందరికీ అందింది. మనం పేరు చెబితే చాలు, ఆప్ట్ జాబితా చదివి, కావలసినవన్నీ వెతికి, దించి, సరైన వరుసలో స్థాపిస్తుంది.

రిపాజిటరీకి ప్రత్యేకమైన డేటాబేసు సర్వరు అక్కర్లేదు. అది మామూలు ఫోల్డర్లు, ఫైళ్ళే. వాటిని ఏ వెబ్ సర్వరు అయినా అందించగలదు. పెన్‌డ్రైవులో పెట్టినా పనిచేస్తుంది.

2. మనకు కావలసింది ఏది?

ఇక్కడ మూడు వేరువేరు అవసరాలను కలిపేసుకోకూడదు.

మొదటిది క్యాషె. పదిమందీ ఒకే ఇంటర్నెట్టు పంచుకుంటున్నప్పుడు ఒకరు దించుకున్న ప్యాకేజీ రెండోవారికి ఇంట్లోనే దొరకాలి. ఆప్ట్-క్యాచర్-ఎన్‌జీ ఈ పని చేస్తుంది. మామూలుగా 3142 నంబరు పోర్టులో వింటుంది. ఒక్కో యంత్రానికి అప్‌డేట్లు 1 జీబీ అనుకుంటే, ఎనిమిది ఒకేరకం యంత్రాలకు బయటినుంచి వచ్చేది 8 జీబీ కాదు, సుమారు 1 జీబీయే.

రెండోది మిర్రరు, అంటే అసలు గిడ్డంగికి పూర్తి నకలు. డెబియన్ మొత్తం నకలు చేస్తే టెరాబైట్లు. ఇంటికి అంత అవసరం లేదు.

మూడోది సొంత రిపాజిటరీ. బయట ఎక్కడా లేనివి, మనం తయారుచేసుకున్నవి పెట్టుకునేది. ఈ వ్యాసం దీని గురించే. మొదటిదీ మూడోదీ కలిపి ఒక పాత ల్యాప్‌టాపులో పెట్టుకుంటే చాలు.

ఇంట్లో నకలు ఉండటం గల్ఫులో కేవలం సోకు కాదు. 2008 జనవరి 30న ఈజిప్టులో అలెగ్జాండ్రియా దగ్గర సముద్రపు కేబుళ్ళు తెగినప్పుడు ఇండియాతోపాటు గల్ఫు దేశాల్లోనూ ఇంటర్నెట్టు కుంటుపడింది. 2025 సెప్టెంబరులో ఎర్ర సముద్రంలో కేబుళ్ళు తెగినప్పుడు కువైట్‌లో కూడా ఆ దెబ్బ తెలిసింది. ఇక 2020 ఏప్రిల్ 6న మహబూలాను, జిలీబ్‌ను దిగ్బంధం చేసి జులైలో గానీ ఎత్తలేదు. అలాంటి రోజుల్లో సాయం చేయగలిగేది అదే బిల్డింగులో ఉన్న యంత్రం, మనిషి మాత్రమే.

3. అందులో ఏమేం పెట్టాలి?

ముందు, పెట్టనక్కర్లేనివి. తెలుగుకు కావలసినవి చాలావరకు డెబియన్లోనే ఉన్నాయి. లోహిత్ తెలుగు ఖతి ఉంది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారి పోతన, వేమన ఖతులు "ఫాంట్స్-తెలు-ఎక్స్‌ట్రా" ప్యాకేజీలో ఉన్నాయి. సిలికానాంధ్ర తెలుగు విజయం ఖతులకూ ప్యాకేజీ ఉంది. టైపు చెయ్యడానికి ఐబస్-ఎం17ఎన్‌లో ఇన్‌స్క్రిప్టు, ఆర్‌టీఎస్, పోతన, సరళ వగైరా పద్ధతులున్నాయి. లేఖిని అలవాటున్నవారికి ఆర్‌టీఎస్ సులువు, ఎందుకంటే లేఖినిలో ఉన్నదీ అదే పద్ధతి. అక్షరదోషాలు పట్టడానికి హన్‌స్పెల్, స్కాను చేసిన పేజీలోంచి అక్షరాలు తీయడానికి టెసరాక్టు తెలుగు భాగం, లిబ్రెఆఫీసుకు తెలుగు ముఖం, అన్నీ ఉన్నాయి. వీటిని మన గిడ్డంగిలోకి నకలు చెయ్యకండి. నకలు చేస్తే వాటి భద్రతా సవరణలు చూసుకునే బాధ్యత కూడా మన నెత్తిన పడుతుంది.

మనం పెట్టాల్సినవి మూడు రకాలు.

అ. మెటాప్యాకేజీ. దీనిలో ఫైళ్ళేమీ ఉండవు, "నాకు ఫలానా ఫలానా ప్యాకేజీలు కావాలి" అన్న చీటీ మాత్రమే ఉంటుంది. పైన చెప్పినవన్నీ ఆ చీటీలో రాస్తే, కొత్త యంత్రంలో ఒక్క పేరు చెప్పగానే తెలుగు మొత్తం దిగుతుంది. ఈక్వివ్స్ అనే పనిముట్టుతో పది నిమిషాల్లో తయారవుతుంది. సొంత రిపాజిటరీలో అన్నిటికన్నా ఉపయోగపడేది ఇదే.

ఆ. సెట్టింగులు. కీబోర్డు అమరిక, ప్రింటరు, క్యాషె చిరునామా లాంటివి ఒక చిన్న ప్యాకేజీగా.

ఇ. డెబియన్లో ఇంకా చేరని ఖతులు, మనం రాసుకున్న చిన్న ప్రోగ్రాములు.

లైసెన్సు సంగతి ఇక్కడే చూడాలి. ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద వచ్చిన ఖతులను, లైసెన్సు ప్రతితో సహా, పంచవచ్చు. అను లాంటి వాణిజ్య ఖతులను "అందరి దగ్గరా ఉన్నదే కదా" అని పెట్టకూడదు. పెన్‌డ్రైవులో స్నేహితుడికిచ్చినా తప్పే. రిపాజిటరీలో పెడితే అది బహిరంగ పంపిణీ కూడా అవుతుంది.

4. లోపలి అమరిక

డెబియన్ రిపాజిటరీలో ముఖ్యంగా రెండు ఫోల్డర్లుంటాయి. "పూల్"లో అసలు మూటలు. "డిస్ట్స్"లో జాబితాలు. జాబితాలు మూడు మెట్లుగా ఉంటాయి. ముందు విడుదల పేరు, దానిలో విభాగం, దానిలో ప్రాసెసరు రకం.

విడుదల పేరు దగ్గర సొంత పేర్లు పెట్టకుండా డెబియన్ పేర్లనే వాడటం మంచిది. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 పేరు బుక్‌వార్మ్, 2025 ఆగస్టులో వచ్చిన 13 పేరు ట్రిక్సీ. "స్టేబుల్" అన్న పేరు వాడితే, కొత్త విడుదల వచ్చిన రోజున దాని అర్థం మారిపోయి ఇబ్బంది వస్తుంది.

పాత యంత్రాలున్నవారు ఒకటి గమనించాలి. 32 బిట్ల పాత ఇంటెల్ యంత్రాలకు ట్రిక్సీ ఇన్‌స్టాలరు గానీ కెర్నలు గానీ ఇవ్వదు. అవి బుక్‌వార్మ్‌లోనే ఉండాలి. బుక్‌వార్మ్ దీర్ఘకాల మద్దతు 2028 జూన్ దాకా ఉంటుంది. కనుక మన గిడ్డంగిలో రెండు విడుదలలూ ఉండాలి. ఖతులు, మెటాప్యాకేజీలు ఏ ప్రాసెసరుకైనా ఒకటే కాబట్టి వాటిని "ఆల్" రకంగా కడితే ఒకే మూట అన్నిటికీ సరిపోతుంది. కంపైలు చేసిన ప్రోగ్రాములను మాత్రం ఏ విడుదలకు ఆ విడుదలలో విడిగా కట్టాలి.

విభాగాలు రెండు చాలు. "మెయిన్" అందరికీ. "ట్రయల్" ఇంకా మనమే పరీక్షిస్తున్నవాటికి. కొత్త మూట ముందు ట్రయల్‌లో పడాలి, మన యంత్రంలో వారం రోజులు నడవాలి, ఆ తర్వాతే మెయిన్‌లోకి. పై ఫ్లాటు తమ్ముడి ల్యాప్‌టాపు మన ప్రయోగశాల కాదు.

5. పనిముట్లు

నాలుగైదు మూటలే ఉంటే డీపీకేజీ-స్కాన్‌ప్యాకేజెస్ అనే పనిముట్టుతో ఒకే ఫోల్డరుకు జాబితా చేసుకోవచ్చు. కానీ అది పెరిగేకొద్దీ చిందరవందర అవుతుంది.

ఇంటి అవసరానికి రెప్రెప్రో బాగా సరిపోతుంది. ఒక సెట్టింగు ఫైల్లో విడుదలలు, విభాగాలు, ప్రాసెసర్లు, సంతకం చేసే తాళంచెవి రాస్తే మిగతా ఫోల్డర్లన్నీ అదే కడుతుంది. ఒకే పేరు, ఒకే వెర్షనుతో లోపలి సరుకు మారిన మూటను ఇస్తే ఒప్పుకోదు. అది మంచి అలవాటే.

ఆప్ట్లీలో స్నాప్‌షాట్లు ఉంటాయి. ఇవాళ్టి స్థితిని అచ్చంగా దాచుకుని, రేపు ఏదైనా బెడిసికొడితే వెనక్కి తిరగవచ్చు. ఎక్కువ యంత్రాలున్న ఆఫీసులకు ఇది నయం. ఫెడోరా వాడేవారికి క్రియేట్‌రెపో-సి, ఆర్చ్ వాడేవారికి రెపో-యాడ్ ఇదే పని చేస్తాయి. పేర్లు వేరైనా సూత్రం ఒకటే: మూటలు, జాబితా, సంతకం.

6. మూట కట్టేటప్పుడు

ఖతి ప్యాకేజీ కట్టడం నేర్చుకోవడానికి మంచి పాఠం. ఖతి ఫైళ్ళను వాటికి కేటాయించిన ఫోల్డర్లో పడేలా పెట్టి, చీటీలో పేరు, వెర్షను, వివరణ రాసి, డీపీకేజీ-డెబ్‌తో కడితే సరి. ఖతుల క్యాషెను కొత్తగా చేసే పని ఫాంట్‌కాన్ఫిగ్ తనంతట తానే చేసుకుంటుంది. కట్టాక లింటియన్‌తో పరీక్షించండి.

వెర్షను నంబరే ఎక్కువమందిని ఇబ్బంది పెట్టేది. రెండు సూత్రాలు గుర్తుంచుకోవాలి.

ఒకటి, ఒకసారి బయటికిచ్చిన నంబరుతో మళ్ళీ కట్టకండి. చిన్న అక్షరం మార్చినా నంబరు పెంచండి.

రెండు, ~ గుర్తు. 1.0~1 అనేది 1.0 కన్నా చిన్నదిగా లెక్క. మనం 1.0~1 అని పెట్టి, తర్వాత డెబియన్ వాళ్ళే 1.0 తెస్తే, అది మనదానికన్నా పెద్దది కాబట్టి దాని చోటులోకి వస్తుంది. మన పని తాత్కాలికం, అసలు ఇంటివాళ్ళు వస్తే దారి ఇవ్వాలి అన్న మర్యాద ఈ చిన్న గీతలో ఉంది.

7. సంతకం, నమ్మకం

ఇది ఈ వ్యాసంలో ముఖ్యమైన భాగం. ప్యాకేజీ లోపల పోస్టిన్‌స్ట్ అనే స్క్రిప్టు ఉండొచ్చు. స్థాపించేటప్పుడు అది రూటు అధికారంతో నడుస్తుంది. అంటే, మీ రిపాజిటరీని తన యంత్రంలో చేర్చుకున్న ప్రతి మనిషీ తన ఇంటి తాళంచెవి మీకిచ్చినట్టే. ఆ యంత్రంలో ఆయన బ్యాంకు వివరాలుండొచ్చు, పిల్లల ఫొటోలుండొచ్చు, అకామా కాగితాల స్కానులుండొచ్చు. మీ గిడ్డంగిలో దొంగ చొరబడితే అన్ని ఇళ్ళలోనూ చొరబడ్డట్టే.

దీనికి కాపలా ఎలా పనిచేస్తుందంటే: ప్రతి మూటకూ షా256 అనే వేలిముద్ర లాంటి సంఖ్య ఉంటుంది. అది ప్యాకేజీల జాబితాలో రాసి ఉంటుంది. ఆ జాబితా వేలిముద్ర "రిలీజ్" ఫైల్లో ఉంటుంది. రిలీజ్ ఫైలుపై మన రహస్య తాళంచెవితో సంతకం ఉంటుంది. మూటలో ఒక్క బిట్టు మారినా గొలుసు తెగి, ఆప్ట్ ఒప్పుకోదు. డెబియన్లో ఈ కాపలా 2007 ఏప్రిల్‌లో వచ్చిన 4.0తో స్థిరపడింది. రక్షణ సంతకంలో ఉంది కనుకనే ఇంటి నెట్‌వర్కులో మామూలు హెచ్‌టీటీపీతో అందించినా నకిలీ మూట చొరబడలేదు.

తాళంచెవి విషయంలో పాటించాల్సినవి:

అ. రిపాజిటరీకి విడిగా ఒక తాళంచెవి చేసుకోండి. మీ సొంత ఈమెయిలు తాళంచెవి వాడకండి.

ఆ. రెండు మూడేళ్ళ గడువు పెట్టండి. గడువుకు చాలా ముందే పొడిగించి, కొత్త బహిరంగ తాళంచెవిని అందరికీ చేర్చాలి. దానికి సులువైన దారి, ఆ తాళంచెవిని కూడా ఒక ప్యాకేజీగా కట్టి మన గిడ్డంగిలోనే ఉంచడం. అప్‌డేటుతోపాటు అదీ వెళ్ళిపోతుంది.

ఇ. రహస్య తాళంచెవిని అందరికీ మూటలు అందించే యంత్రంలో ఉంచకండి. సంతకం వేరే యంత్రంలో చేసి, ఫైళ్ళు మాత్రం అక్కడికి పంపండి.

ఈ. పాత వ్యాసాల్లో కనిపించే ఆప్ట్-కీ పద్ధతిని వదిలెయ్యండి. దానితో చేర్చిన తాళంచెవి అన్ని రిపాజిటరీలకూ చెల్లేది. డెబియన్ 13లో దాన్ని పూర్తిగా తీసేశారు. ఇప్పుడు ఏ రిపాజిటరీకి ఏ తాళంచెవో "సైన్డ్-బై" అనే వరుసలో విడిగా రాయాలి.

అయితే సంతకం మనిషి నిజాయితీకి హామీ కాదు. 2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు ఎక్స్‌జెడ్ అనే ప్రోగ్రాములో దొంగదారిని బయటపెట్టారు. ఎస్ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని తవ్వితే బయటపడింది. రెండేళ్ళకు పైగా మంచివాడిలా సాయం చేసి, నమ్మకం సంపాదించి, నిర్వాహకుడైన పేరుతోనే అది చొరబడింది. వెర్షన్లు 5.6.0, 5.6.1. డెబియన్ స్థిర విడుదలకు చేరకముందే దొరికింది. మనకు పాఠం ఏమిటంటే, ఎక్కడో దొరికిన డెబ్ ఫైలును మన సంతకంతో ఇంకొకరికి అందించకూడదు. మనం కట్టినదో, మూలం నుంచి మనం చూసి కట్టినదో అయితేనే పెట్టాలి.

8. వాడేవారి వైపు

వాడేవారి యంత్రంలో చెయ్యాల్సింది రెండే. తాళంచెవి ఫైలును ఆప్ట్ కీరింగ్స్ ఫోల్డర్లో పెట్టడం, చిరునామా, విడుదల, విభాగం, సైన్డ్-బై ఉన్న చిన్న సోర్సెస్ ఫైలు రాయడం. తాళంచెవి వేలిముద్రను ఎదురుగా కూర్చుని సరిచూపించండి. ఒకే బిల్డింగులో ఉన్నందుకు ఇదో లాభం.

మన గిడ్డంగి డెబియన్ ప్యాకేజీలను పొరపాటున కూడా పక్కకు తోయకూడదు. ఆప్ట్ మామూలు రిపాజిటరీలకు 500 ప్రాధాన్యం ఇస్తుంది. మన రిలీజ్ ఫైల్లో "నాట్-ఆటోమేటిక్", "బట్-ఆటోమేటిక్-అప్‌గ్రేడ్స్" రెంటికీ అవును అని పెడితే మనకు 100 మాత్రమే వస్తుంది. అప్పుడు మన దగ్గర మాత్రమే ఉన్నవి మామూలుగా దిగుతాయి, అప్‌డేట్లూ వస్తాయి. రెండుచోట్లా ఉన్నవి డెబియన్ నుంచే వస్తాయి.

"వాలిడ్-అన్‌టిల్" అనే గడువు వరుస గురించి కూడా తెలుసుకోండి. పాత జాబితాను కొత్తదిగా చూపించి మోసం చెయ్యకుండా అది కాపాడుతుంది. కానీ ఆ తేదీలోపల మళ్ళీ సంతకం చెయ్యకపోతే అందరి అప్‌డేట్లూ ఆగిపోతాయి. నెలకోసారైనా చూసుకోలేనివారు పెట్టకపోవడమే మేలు.

9. వెళ్ళిపోయే రోజు

గల్ఫులో ఎవరి ఉద్యోగమూ శాశ్వతం కాదు. ప్రాజెక్టు అయిపోతుంది, కంపెనీ మారుతుంది, ఒక్కోసారి నెలరోజుల్లో సర్దుకుని ఊరికి వెళ్ళాల్సి వస్తుంది. ఆ హడావిడిలో ఒక పాత ల్యాప్‌టాపు ఎవరికీ గుర్తుండదు. అది ఆగిపోతే ఎనిమిది యంత్రాల్లో ప్రతి అప్‌డేటులోనూ ఎర్ర అక్షరాలు కనబడతాయి. అంతకన్నా ప్రమాదం, మన చిరునామా చేతులు మారడం. కాబట్టి మొదటి రోజే ఇవి ఏర్పాటు చేసుకోవాలి:

అ. ప్రతి మూటకూ మూల ఫైళ్ళు, కట్టే విధానం ఒక గిట్ ఫోల్డర్లో ఉండాలి. గిడ్డంగి మొత్తం పోయినా అందులోంచి మళ్ళీ కట్టగలగాలి.

ఆ. ఒక పేజీ తెలుగు చీటీ: ఏ మూట ఎందుకుంది, ఎవరెవరు వాడుతున్నారు, కొత్తది చేర్చే మెట్లు, తాళంచెవి గడువు తేదీ.

ఇ. రెండో మనిషి. కనీసం ఒక మూటను ఆయన చేతే కట్టించి, సంతకం చేయించండి. చూసినంత మాత్రాన పని రాదు.

ఈ. తాళంచెవిని చేతులు మార్చకండి. రెండో మనిషి కొత్త తాళంచెవి చేసుకోవాలి. దాన్ని మీ పాత సంతకంతోనే అందరికీ పంపి, కొన్ని వారాలు రెండూ నడిపి, పాతదాన్ని రద్దు చెయ్యండి. రద్దు పత్రాన్ని తాళంచెవి చేసిన రోజే తీసి దాచుకోవాలి.

ఉ. తీసుకునేవారు లేకపోతే మూసెయ్యడం కూడా మర్యాదే. సోర్సెస్ ఫైలును, తాళంచెవిని, క్యాషె చిరునామా సెట్టింగును ప్రతి యంత్రంలోంచీ తీసేసి వెళ్ళండి. మెటాప్యాకేజీ ద్వారా దిగినవి డెబియన్వే కాబట్టి అవి పనిచేస్తూనే ఉంటాయి, వాటి భద్రతా సవరణలూ వస్తూనే ఉంటాయి. గిడ్డంగిని చిన్నగా ఉంచమని చెప్పడానికి ఇదే పెద్ద కారణం.

ఇంకా మంచి దారి ఒకటుంది. మీరు కట్టిన ఖతి బాగుంటే, లైసెన్సు సరిపోతే, దాన్ని డెబియన్‌కే పంపండి. పరిశీలన కఠినంగా ఉంటుంది, సమయం పడుతుంది. కానీ ఒకసారి చేరితే మహబూలాలోనే కాదు, కడపలో, కాలిఫోర్నియాలో కూడా తెలుగువారికి ఒక్క ఆదేశంతో దొరుకుతుంది. సొంత గిడ్డంగిలో మూటలు కాలక్రమేణా తగ్గుతూ పోతున్నాయంటే, అవి అసలు ఇంటికి చేరుకుంటున్నాయన్నమాట.